విశాఖ తీరంలోని నౌకా మ్యూజియంలో వారాంతపు సమన్వయకర్త పని: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒడ్డున నిలిపిన జలాంతర్గామిని, దానికి ఎదురుగా ఉన్న విమానాన్ని చూడటానికి శని, ఆదివారాల్లో ఎంత జనం వస్తారో ఊరివారికి తెలుసు. ఆ జనం వెనుక ఒకరు తలలు లెక్కపెట్టుకుంటూ నిలబడి ఉంటారని మాత్రం ఎవరికీ తోచదు. ఈ తీరంలో కొన్నేళ్లుగా వారానికి రెండు రోజులు నేను చేస్తున్నది ఆ పనే. డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, పదవీ విరమణ చేసినవారు దీని గురించి నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. సొంత అనుభవాలు చెప్పినచోట మ్యూజియం పేరు రాయలేదు. అందరికీ తెలిసిన సంగతులకు మాత్రం పైన చెప్పిన జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసురను ఉదాహరణగా తీసుకున్నాను, ఎందుకంటే విశాఖలో ఈ పని గురించి అడిగేవారి మనసులో ఉండేది ఎక్కువగా అదే.

వారాంతపు సమన్వయకర్త చేయవలసిన పని ఏమిటి?

లోపలికి అడుగుపెట్టిన మనిషి క్షేమంగా, తృప్తిగా బయటికి వచ్చేవరకు మధ్యలో జరిగే ప్రతిదీ సమన్వయకర్త పనే. టికెట్ కౌంటర్‌లో ఉండేవారు, గేటు దగ్గరి సెక్యూరిటీ, లోపల వివరించే గైడ్లు, హౌస్‌కీపింగ్ మనుషులు, సెలవు రోజుల్లో సాయానికి వచ్చే కాలేజీ పిల్లలు అందరూ ఒకే యజమాని కింద పనిచేసేవారు కాకపోవచ్చు. సెక్యూరిటీ ఒక ఏజెన్సీది, శుభ్రత ఇంకొక కాంట్రాక్టరుది అయి ఉంటుంది. వారాంతంలో ఆఫీసు గదికి తాళం పడుతుంది కనుక, కౌంటర్‌లో చిల్లర అయిపోయినా, ఒక ఫ్యాన్ ఆగిపోయినా, మాట్లాడి మాట్లాడి ఒక గైడుకు గొంతు పోయినా అందరూ వెతుక్కునేది సమన్వయకర్తనే. రోస్టర్ వేయడం, ఎవరు ఎక్కడ నిలబడాలో పొద్దున్నే చెప్పడం, ముందుగా కబురు చేసి వచ్చే బృందాలకు వేళలు కేటాయించడం, రోజు ముగిశాక లాగ్‌బుక్ రాసి తర్వాతి పనిదినాన వచ్చే అధికారికి అప్పగించడం ఇందులో కాగితం మీద కనిపించే భాగం. రోజంతా జనప్రవాహాన్ని కనిపెట్టుకుని ఉండటం కాగితం మీద కనిపించదు గాని, అసలు పని అదే.

ఇది ప్రభుత్వ ఉద్యోగమా?

కాదు. మ్యూజియం ప్రభుత్వ సంస్థ ఆధీనంలో ఉన్నా, వారాంతానికి మాత్రమే తీసుకునే మనుషులను సాధారణంగా ఒప్పందం మీదనో, ఏజెన్సీ ద్వారానో తీసుకుంటారు. కొన్నాళ్లు చేస్తే పర్మినెంట్ అవుతుందన్న ఆశతో చేరేవారిని నేను మొదటి రోజే ఆపుతాను.

గైడుకు, సమన్వయకర్తకు తేడా ఏమిటి?

గైడు మాట్లాడతాడు, ఆ మాట జనానికి వినబడేలా చూసేది సమన్వయకర్త. కురుసుర వంటి చోట గైడ్లుగా ఉండేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. వారిలో కొందరు జీవితంలో సగభాగం నీటి కింద గడిపినవారు. అలాంటివారికి చెప్పవలసింది మనం నేర్పనక్కరలేదు. అయితే వెనుక నుంచి మరో బృందం నెట్టుకొస్తుంటే ఎంతటి అనుభవజ్ఞుడి మాటైనా రెండో వరుస దాటి వినబడదు. గైడు కథ మధ్యలో ఉండగా "సార్, త్వరగా" అని సైగ చేయడం ఈ పనిలో చేయగలిగిన మొరటు పనుల్లో ఒకటి. కథను కత్తిరించే బదులు గేటు దగ్గర తర్వాతి బ్యాచ్‌ను రెండు నిమిషాలు ఆపడం నేర్చుకోవాలి.

ఓడల గురించి, నౌకాదళం గురించి ముందే తెలిసి ఉండాలా?

చేరేనాటికి తెలియకపోయినా ఫరవాలేదు, నెల తిరిగేసరికి తెలియకపోతే మాత్రం కుదరదు. గైడ్లు అందరూ లోపల ఉన్నప్పుడు వరుసలో నిలబడినవారు ప్రశ్నలు అడిగేది మిమ్మల్నే, పైగా వరుసలో నిలబడి విసిగిన మనిషికి ఒక మంచి సంగతి చెబితే పది నిమిషాల విసుగు తగ్గుతుంది.

కురుసుర విషయంలో కనీసం ఇంత తెలిసి ఉండాలి. ఇది సోవియట్ యూనియన్‌లో తయారైన డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి. 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. ఆ కాలంలో 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించింది. 2002 ఆగస్టులో రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా తెరుచుకుంది. పొడవు 91.3 మీటర్లు. ముందు వైపు 6, వెనుక వైపు 4 టార్పెడో (నీటిలో దూసుకెళ్లి పేలే ఆయుధం) గొట్టాలు ఉన్నాయి, 22 టార్పెడోలను మోసుకెళ్లగలిగేది. లోపల పనిచేసినవారు 75 మంది. మన దేశపు తొలి నాలుగు జలాంతర్గాములు కల్వరి, ఖాందేరి, కరంజ్, కురుసుర. వీటిలో మొదటిదైన కల్వరి నౌకాదళంలో చేరిన 1967 డిసెంబరు 8ని బట్టే ఏటా ఆ తేదీన సబ్‌మెరైన్ దినం జరుపుతారు. విధుల్లో ఉన్న నౌకలకే దక్కే డ్రెస్సింగ్ షిప్ (వేడుక రోజుల్లో నౌకను జెండాలతో అలంకరించడం) గౌరవం విరమించిన కురుసురకు ఇప్పటికీ దక్కుతోంది.

అంకెలు అప్పజెప్పడం తేలిక. కష్టమైనది, పిల్లలు అడిగే "లోపల ఊపిరి ఎలా పీలుస్తారు?" వంటి ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం. డీజిల్ ఇంజన్ మండాలంటే గాలి కావాలి కనుక, పైకి తేలినప్పుడో, నీటి పైకి ఒక గొట్టం చాపినప్పుడో మాత్రమే ఆ ఇంజన్లు నడుస్తాయి. అప్పుడే బ్యాటరీలు నిండుతాయి, లోపలి గాలీ మారుతుంది. పూర్తిగా మునిగాక పడవను కదిలించేది బ్యాటరీలే. ఆ చార్జి తరిగిపోతూ ఉంటే శత్రువు ఉన్నాడని తెలిసినా ఎప్పుడో ఒకప్పుడు పైకి రాక తప్పదు. సెల్‌ఫోన్ చార్జి రెండు శాతానికి వచ్చినప్పుడు మనం పడే కంగారుతో పోల్చి చెబితే పదేళ్ల పిల్లలకు వెంటనే అర్థమవుతుంది, నేను చాలాసార్లు చూశాను.

ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం 1988 నుంచి 2017 వరకు నౌకాదళంలో సేవ చేసింది, 2017 డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభమైంది. జలాంతర్గాములను వెతికి పట్టుకోవడం దాని పని. దాక్కునేదాన్ని ఒక పక్క, వేటాడేదాన్ని ఇంకొక పక్క రోడ్డుకు అటూ ఇటూ నిలిపారని చెబితే జనం రెండింటినీ కొత్తగా చూస్తారు.

సందర్శకులు ఎక్కువగా పొరబడే విషయం ఏది?

"ఘాజీని ముంచింది ఇదేనా?" అన్న ప్రశ్న ప్రతి ఆదివారం వినిపిస్తుంది. కాదని చెప్పాలి, ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1971 యుద్ధంలో కురుసుర అరేబియా సముద్రం వైపు గస్తీలో ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చి, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరానికి దగ్గరలో 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోతులో పేలే బాంబులు) వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్ల మునిగిందని పాకిస్తాన్ చెబుతుంది. రెండు మాటలూ చెప్పి ఊరుకోవడమే మ్యూజియం మర్యాద. సినిమా చూసి వచ్చిన కుర్రవాళ్లు వాదనకు దిగుతారు. వారిని ఓడించవలసిన పని మనకు లేదు, బీచ్‌లో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరే ఉందని, వెళ్లి చూసి రమ్మని చెబితే చాలు.

సందర్శకుడు సంతోషిస్తాడని తప్పును ఒప్పుకోవడం ఈ వృత్తిలో నాకు అస్సలు నచ్చని అలవాటు. ఒక తండ్రి తన కొడుక్కి ఆ తప్పే చెబుతూ ఉంటే ఆయన పరువు పోకుండా సరిదిద్దడం మాత్రం ఒక విద్య. "చాలామంది అలాగే అనుకుంటారండీ, ఈ ఊళ్లోనే జరిగింది కదా మరి" అని మొదలుపెడితే వింటారు.

ఆదివారం ఎలా గడుస్తుంది?

తలుపులు తెరవడానికి గంట ముందు నేను చేరుకుంటాను. మొదట నడకదారి మొత్తం ఒక్కదాన్నే నడుస్తాను, ముందు మామూలు వేగంతో, తర్వాత ఆరేళ్ల పిల్ల ఎత్తుకు వంగి. రెండోసారి నడిచినప్పుడే లేచిన రేకు అంచు, వదులైన బోల్టు, చేతికి అందే తీగ కనిపిస్తాయి. మంటలార్పే సిలిండర్ల మీది తేదీలు, అత్యవసర ద్వారం గడియ, ప్రథమ చికిత్స పెట్టెలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చీలు, వాకీటాకీల చార్జి చూసుకున్నాక సిబ్బందిని ఐదు నిమిషాలు నిలబెట్టి ఆనాటి బృందాల వేళలు చెబుతాను. ఆ ఐదు నిమిషాలు ఎగ్గొట్టిన రోజున సాయంత్రం వరకు అందరూ ఒకే ప్రశ్న నన్ను వేర్వేరుగా అడుగుతూ ఉంటారు.

పొద్దున వచ్చేవారు బయటి ఊళ్లవారు. అరకు వెళ్తూనో, సింహాచలం నుంచి దిగుతూనో వస్తారు. మధ్యాహ్నం ఎండకు కాస్త పలచబడుతుంది, మనుషులు వంతులవారీగా భోజనం చేసేది అప్పుడే. నాలుగు దాటాక ఊరి జనం మొదలవుతుంది. బీచ్‌కి వచ్చి, మురీ మిక్చర్ తిని, ఇసుక కాళ్లతో, తడి ప్యాంట్లతో వచ్చి వరుసలో నిలబడతారు. తడి ఇసుక ఇనుప మెట్ల మీద పడితే జారుడుబల్లే, కాబట్టి సాయంత్రం నాలుగు నుంచి మెట్ల దగ్గర చీపురుతో ఒక మనిషి ఉండి తీరాలి. దీనికి ఏ శిక్షణ పుస్తకంలోనూ చోటు ఉండదు గాని, నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం ఇసుక వల్ల తగిలినవే.

మూసే వేళకు చివరి టికెట్ ఎప్పుడు ఆపాలన్నది రోజూ వచ్చే తగాదా. లోపల నడవడానికి పట్టే సమయాన్ని లెక్కవేసి, దానికి పావుగంట కలిపి, ఆ వేళను కౌంటర్ అద్దం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. రాసి ఉన్న మాటకు జనం ఇచ్చే విలువ నోటి మాటకు ఇవ్వరు.

ఇరుకైన చోట జనాన్ని ఎలా నడిపించాలి?

నన్నడిగితే ఈ ఉద్యోగం మొత్తం ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మామూలు మ్యూజియంలో ఒక గదిలో రద్దీ ఎక్కువైతే జనం పక్క గదిలోకి వెళ్తారు. ఓడలో, జలాంతర్గామిలో పక్క గది ఉండదు. ఏడు భాగాలు ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో గుండ్రటి ద్వారాలు, ఒక మనిషి వంగి కాలెత్తి దాటవలసినవి. శిక్షణ పొందిన 75 మంది వంతులవారీగా ఒకే పడక మీద పడుకుని బతకడానికి కట్టిన గొట్టంలోకి చంకలో పిల్ల, చేతిలో చెప్పుల సంచి, మోకాళ్ల నొప్పులు ఉన్నవారిని పంపుతున్నామని మరిచిపోకూడదు. అక్కడ ఒక్కరు ఆగితే వెనుక అందరూ ఆగుతారు.

అందుకే లెక్క లోపల పెట్టకూడదు, గేటు దగ్గర పెట్టాలి. నేను ఎప్పుడూ చేతిలో లెక్కపెట్టే యంత్రం ఒకటి ఉంచుకుంటాను. బయటి ద్వారం దగ్గర మనిషి చేతిలో ఇంకొకటి ఉంటుంది. వెళ్లినవారికీ వచ్చినవారికీ మధ్య తేడా మేం అనుకున్న సంఖ్యకు చేరగానే, బయట ఎవరు ఎంత అరిచినా, ఏ అధికారి చుట్టాలమని చెప్పినా తాడు దించను. లోపలికి వెళ్లకముందే అడగవలసినవి ఉన్నాయి: ఆయాసం ఉందా, ఇరుకులో భయం వేస్తుందా, మోకాళ్లు వంగుతాయా, కడుపుతో ఉన్నారా. నలుగురిలో అడిగితే లేదనే అంటారు. పక్కకు పిలిచి, "లోపల ఇంత కిందికి వంగాలమ్మా, మధ్యలో వెనక్కి రావడానికి దారి ఉండదు" అని చేత్తో కొలత చూపిస్తే వారే ఆలోచించుకుంటారు.

నేను మొదట పనిచేసిన చోట, కిటికీలు లేని ఒక గ్యాలరీలో ఒక ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది. అత్యవసర దీపం వెంటనే వెలగలేదు. నేను మైకు అందుకుని "ఎవరూ కంగారు పడకండి!" అని గట్టిగా అన్నాను. అంతవరకు కంగారు పడనివారు కూడా ఆ మాటతో మొదలుపెట్టారు; పిల్లలు ఏడ్చారు, తలుపు వైపు తోపులాట అయింది. లోపలున్న గైడు నౌకాదళంలో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా చేసి వచ్చిన పెద్దాయన. ఆయన గొంతు కూడా పెంచకుండా, "బాబూ, మీ పక్కనున్న గోడ మీద చేయి పెట్టండి. మా జలాంతర్గామిలో కొత్తగా వచ్చినవాడికి కళ్లకు గంతలు కట్టి, ఏ వాల్వు ఎక్కడుందో తడిమి చెప్పమని పరీక్ష పెట్టేవాళ్లు. మీకు ఏం తగిలిందో ఒక్కొక్కరే చెప్పండి చూద్దాం" అన్నారు. ఎవరో "రెయిలింగు" అన్నారు, ఇంకెవరో "మా ఆవిడ భుజం" అన్నారు, నవ్వులు వినబడ్డాయి. దీపం వచ్చేసరికి అందరూ ఉన్నచోటే ఉన్నారు. ఆ తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పింది ఒకటే: "చీకట్లో మనిషికి వద్దు అని చెప్పకమ్మా, ఏం చెయ్యాలో చెప్పు." అప్పటి నుంచి మా అత్యవసర ప్రకటనలన్నీ తిరగరాశాను. "పరుగెత్తకండి" ఉన్నచోట "కుడి చేత్తో రెయిలింగు పట్టుకుని నిలబడండి" అని ఉంటుంది.

పిల్లలు తప్పిపోతే?

బయటి ద్వారం దగ్గర మనిషికి ముందు చెప్పాలి, ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టాలి. ఒకే దారి ఉండటం ఇక్కడ మనకు కలిసివస్తుంది. బిడ్డ పేరు మైకులో చెప్పకుండా తల్లిదండ్రుల పేరు పిలవండి. పేరు విన్న ఎవరైనా "రా నాన్నా" అని పిలవగలరు.

ఏ భాషలు రావాలి?

తెలుగు, హిందీ తప్పనిసరి. ఇంగ్లీషు చదివి రాయగలిగితే చాలు. దసరా రోజుల్లో బెంగాల్ నుంచి వచ్చే యాత్రికులు చాలా ఎక్కువ, ఒడిశావారు ఏడాది పొడవునా వస్తారు. "తల కాచుకోండి", "నెమ్మదిగా", "ఇటు రండి" అన్న మూడు మాటలు బెంగాలీలో, ఒడియాలో నేర్చుకుంటే మిగిలినది సైగలతో నడిచిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన పెద్దవారితో పుస్తకాల తెలుగు మాట్లాడితే ఆమడ దూరం జరుగుతారు. వారి మాటలోనే మాట్లాడండి.

జీతం ఎలా ఉంటుంది? ఏమేమి రాయించుకోవాలి?

నెలకు ఇంత అని కాక, పనిచేసిన రోజుకు ఇంత అన్న లెక్క ఎక్కువ చోట్ల నడుస్తుంది. అంకె కంటే షరతులు ముఖ్యమని నా అభిప్రాయం. పండుగనాడు, నేవీ డే అయిన డిసెంబరు 4న రమ్మంటే అదనం ఎంత? తుపాను హెచ్చరిక వల్ల మూసేస్తే ఆ రోజు లెక్క ఏమవుతుంది? మూసే వేళ దాటి గంట ఉండవలసి వస్తే దాన్ని ఎవరు రాస్తారు? కౌంటర్ లెక్కలో తేడా వస్తే ఎవరి జేబు నుంచి పోతుంది? ఈ నాలుగింటికి జవాబులు కాగితం మీద లేకుండా చేరకండి. ఒకసారి ఒక కాంట్రాక్టరు దగ్గర నేను నోటి మాట నమ్మి చేరాను. వర్షాలకు మూసిన మూడు వారాంతాల డబ్బు ఇప్పటికీ రాలేదు.

పార్ట్‌టైమ్ అన్నంత మాత్రాన ఈపీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మిక బీమా) వర్తించవనుకోవడం పొరపాటు. సంస్థలో ఎంతమంది ఉన్నారు, మీ వేతనం ఎంత అన్నదాన్ని బట్టి అవి వర్తించవచ్చు కనుక చేరేటప్పుడే అడగండి.

చదువుకుంటూ, లేదా వారమంతా ఇంకో ఉద్యోగం చేస్తూ దీన్ని చేయవచ్చా?

చేయవచ్చు, చేసేవారిలో ఎక్కువమంది అలాంటివారే. అయితే ఐదు రోజుల ఉద్యోగం మీద ఈ రెండు రోజులు కలిపితే వారంలో విశ్రాంతి దినం ఒక్కటీ మిగలదన్న సంగతి మొదటి నెలలో తెలియదు, మూడో నెలలో కాళ్లు చెబుతాయి. ఇద్దరు సమన్వయకర్తలు శని, ఆదివారాలను పంచుకునే పద్ధతి ఉంటే దాన్నే ఎంచుకోండి. విద్యార్థులు సెమిస్టర్ పరీక్షల తేదీలను రోస్టర్ వేసేవారికి ముందే ఇవ్వాలి. కార్తీక మాసం పిక్నిక్కుల నుంచి సంక్రాంతి దాకా మ్యూజియానికి ఊపిరి తిరగని కాలం, అప్పుడు సెలవు అడిగితే దొరకదు.

స్త్రీలకు ఈ పని అనుకూలంగా ఉంటుందా?

నేనే చేస్తున్నాను కనుక ఉంటుందనే చెబుతాను. ఇబ్బంది పనిలో కంటే ఇంటికి చేరే వేళలో ఉంది. మూసి, లెక్క ముగించి బయటపడేసరికి రాత్రి తొమ్మిది దాటవచ్చు, కనుక రవాణా సంగతి ముందే మాట్లాడుకోవాలి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట, స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. తాత్కాలికంగా, వారానికి రెండు రోజులు పనిచేసేవారికీ ఆ రక్షణ ఉంటుంది. ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయేమో మొదటి రోజే చూడండి.

వస్తువుల సంరక్షణ కూడా నా బాధ్యతేనా?

మరమ్మతు మీది కాదు, గమనించడం మీది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఇనుముకు ఉప్పుగాలి రోజూ చేసే నష్టం కంటికి కనిపించదు. రంగు పొంగిన చోట కింద తుప్పు ఉన్నట్టే. అది ఎక్కడ ఉందో, ఏ తేదీన చూశారో రాసి, ఫొటో జతచేసి లాగ్‌బుక్‌లో పెట్టండి, మీరు గోకవద్దు. ఇత్తడి చక్రాలను తడి గుడ్డతో తుడవవద్దని హౌస్‌కీపింగ్ వారికి ప్రతి నెలా మళ్లీ చెప్పాలి, ఎందుకంటే ప్రతి నెలా కొత్త మనిషి వస్తాడు. మెరిసే ప్రతి మీటనూ తాకాలనిపించడం మనిషి సహజం. తాకడానికి వీలైన ఒక చక్రాన్ని విడిగా పెట్టి "దీన్ని తిప్పండి" అని రాస్తే మిగతావాటికి సగం రక్షణ దొరుకుతుంది.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలి?

రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు 1 నుంచి 11 వరకు ఉంటాయి. వాటి అర్థం తెలుసుకుని ఉండండి. అక్టోబరు, నవంబరు నెలల్లో శుక్రవారం రాత్రే వాతావరణ సమాచారం చూసుకుని, ముందుగా చెప్పిన బృందాలకు ఫోన్లు చేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద పడిన రోజు కూడా ఆదివారమే. ఆ తర్వాత బీచ్ రోడ్డులో ఎవరూ హెచ్చరికను తేలిగ్గా తీసుకోలేదు. మూయాలా వద్దా అన్నది మీ పైవారి నిర్ణయం, కానీ గాలి హెచ్చినప్పుడు బయటి మెట్ల మీదికి జనాన్ని పంపకుండా ఆపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఫొటోలు, డ్రోన్ల విషయంలో నియమాలు ఏమిటి?

ఫొటోలకు ఆ మ్యూజియం పెట్టిన నియమమే నియమం. డ్రోన్ మాత్రం ఏ పరిస్థితిలోనూ కుదరదు. ఇది తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న ఊరు. పెళ్లి ఫొటోల వారు బతిమాలతారు, వినవద్దు.

యుద్ధనౌకల గురించి తప్ప చెప్పడానికి ఇంకేమీ ఉండదా?

ఈ ప్రశ్న అడిగినవారిని చూస్తే నాకు సంతోషం. మన తీరపు కథలో నౌకాదళం ఒక అధ్యాయం మాత్రమే. శాతవాహన యజ్ఞశ్రీ కాలపు నాణేల మీద తెరచాప కొయ్యలతో ఓడ బొమ్మ ఉంది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం, తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారని, ఇకపై సుంకం మాత్రమే తీసుకుంటామని పరదేశపు వర్తకులకు మాట ఇచ్చింది. కోరంగిలో ఓడలు కట్టేవారు. మసూలా అనే తీరపు పడవలను మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టి కట్టేవారు. అలల దెబ్బకు మేకు ఊడుతుంది గాని కుట్టు వంగి నిలుస్తుంది. విశాఖ రేవు 1933లో మొదలైంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. స్వతంత్ర భారతంలో తయారైన తొలి ఆధునిక నౌక జల ఉష 1948 మార్చి 14న ఇక్కడి షిప్‌యార్డులోనే నీటిలోకి దిగింది. సమన్వయకర్తకు నెలకొకసారి ఒక చిన్న కార్యక్రమం చేసే వెసులుబాటు ఇస్తే వీటిలో ఒక్కొక్కటి ఒక ఆదివారానికి సరిపోతుంది.

నేను చేసినవాటిలో బాగా కుదిరింది ముడుల కార్యక్రమం. జాలరిపేట నుంచి ఒక పెద్దాయనను పిలిచి, తెప్ప దుంగలను కట్టే ముడి చూపించమన్నాం. ఆయన తాడు చేతిలోకి తీసుకుని, "ఇది బజారు తాడు, మాది కాదు" అని పక్కన పడేసి, నడుముకు చుట్టుకున్న తన తాడు విప్పారు. పిల్లలు ఆ ముడి వేయడం నేర్చుకున్నారు. మా గైడుకు నౌకాదళంలో నేర్పిన ముడి కూడా అదేనని, పేరు మాత్రమే వేరని ఇద్దరూ కూర్చుని తేల్చుకునేసరికి సాయంత్రం అయింది.

దీని తర్వాత ఎక్కడికి వెళ్లవచ్చు?

మ్యూజియం వృత్తిలోనే ఉండాలనుకుంటే చదువు కావాలి. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952 నుంచి, కలకత్తా విశ్వవిద్యాలయంలో 1959 నుంచి మ్యూజియాలజీ విభాగాలు ఉన్నాయి. గోవాలో నౌకాదళ విమాన మ్యూజియం, కటక్‌లో ఒడిశా ప్రభుత్వ సముద్ర మ్యూజియం ఉన్నాయి. గుజరాత్‌లోని లోథల్‌లో పెద్ద ఎత్తున సముద్ర వారసత్వ సముదాయం కడుతున్నారు. వృత్తి మారాలనుకునేవారికి హోటళ్లు, పర్యాటక సంస్థలు, ఈవెంట్ల నిర్వహణ వైపు ఈ అనుభవం నేరుగా పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారు? మొదటి రోజు ఏమి తెచ్చుకోవాలి?

డిగ్రీ, భాషలు, ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉన్నారా, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉందా అని అడుగుతారు. కొత్తవారిని చూడటానికి నన్ను కూర్చోబెట్టినప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: "లోపల ఇరవై మంది ఉన్నారు. నడిమధ్యలో ఒక పెద్దావిడ కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. ముందుగా ఏం చేస్తావు?" నీళ్లు తీసుకెళ్తానని, డాక్టరును పిలుస్తానని ఎక్కువమంది అంటారు. గేటు దగ్గర తాడు అడ్డం కట్టడం మొదటి పని. వెనుక నుంచి వచ్చేవారు ఆగితేనే నీళ్లు ఆమె దాకా వెళ్తాయి, స్ట్రెచర్ బయటికి వస్తుంది.

మొదటి రోజుకు రబ్బరు అడుగున్న బూట్లు, చిన్న టార్చి, జేబు పుస్తకం, నీళ్ల సీసా తెచ్చుకోండి. భోజనం డబ్బా కూడా తెచ్చుకోండి. ఆదివారం బీచ్ రోడ్డులో మీకు దొరికే అరగంటలో ఏ హోటల్లోనూ బల్ల దొరకదు.